ఫోన్ ధరను బట్టి గురుత్వాకర్షణ?

బ్రౌజర్‌లో ఊగే లోలకాన్ని తయారు చేయడం పెద్ద పని కాదు. కొద్దిపాటి జావాస్క్రిప్ట్ చాలు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో అడుగు లెక్కకట్టి బొమ్మ గీయడమే. సెకనుకు 60 ఫ్రేములు వస్తాయన్న ధీమాతో చాలామంది అడుగు నిడివిని సెకనులో 60వ వంతుగా కోడ్‌లో పాతేస్తారు. రాసినవారి ల్యాప్‌టాప్‌లో అది చక్కగానే ఊగుతుంది.

అదే పేజీని పాత ఫోన్‌లో తెరిస్తే 30 ఫ్రేములే రావచ్చు. అప్పుడు లోలకం సగం వేగంతో ఊగుతుంది. చేతి గడియారంతో కొలిచిన విద్యార్థికి ఆవర్తన కాలం రెట్టింపు వస్తుంది. సూత్రంలో దాని వర్గం హారంలో ఉంటుంది కనుక 9.8 రావలసిన గురుత్వ త్వరణం 2.45కి పడిపోతుంది. 120 హెర్ట్జ్ తెర ఉన్న ఫోన్‌లో 39.2 అవుతుంది. తప్పు కోడ్‌ది. కానీ "రిజర్వేషన్ సీటు" అన్న మాట రోజూ వినే విద్యార్థి దాన్ని తన తప్పుగానే రాసుకుంటాడు.

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. గడిచిన అసలు సమయాన్ని పోగుచేసి, దాన్ని సమానమైన చిన్న అడుగులుగా తెంపి లెక్కకట్టాలి. బొమ్మ గీయడం ఒకటి రెండుసార్లు తప్పినా లెక్క తప్పకూడదు. గడిచిన సమయం మొత్తాన్ని ఒకే అడుగుగా వేయడం మందు కాదు. మామూలు ఆయిలర్ పద్ధతిలో అడుగు పెద్దదయ్యేకొద్దీ శక్తి ఎక్కడినుంచో పుట్టుకొచ్చి లోలకం అంతకంతకూ ఎత్తుకు లేస్తుంది. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని మారిస్తే చాలావరకు కుదురుకుంటుంది. మార్చవలసింది రెండు వరసల క్రమమే.

2020 జాతీయ విద్యా విధానం వర్చువల్ ల్యాబుల గురించి మాట్లాడింది. నిజమైన ల్యాబ్ లేని కాలేజీకి ఇది దానికి బదులుగా వచ్చి కూర్చుంటుందన్న భయం నాకుంది. లోలకాన్ని చేత్తో పట్టుకునే హక్కును తెరకు తాకట్టు పెట్టలేం. అలాగని సిమ్యులేషన్‌ను కాదనుకోనక్కర్లేదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వైమన్ మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లను దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తాయి. పేదవాడి డేటా ప్యాక్‌ను లెక్కలోకి తీసుకోవడమంటే అదీ.

క్రోమ్‌లో ప్రాసెసర్‌ను కావాలనే నాలుగింతలు, ఆరింతలు నెమ్మదింపజేసే సదుపాయం డెవలపర్ టూల్స్‌లో ఉంది. ప్రభుత్వ సొమ్ముతో తయారయ్యే ప్రతి వర్చువల్ ల్యాబ్‌నూ అలా పరీక్షించి, ఫలితాన్ని బయటపెట్టాలి. మన గురుకులాల పిల్లలకు వాటిని చూపించి ఊరుకోకుండా, ఆ కోడ్ తెరిచి రాయడం కూడా నేర్పాలి. చవక ఫోన్‌లో ఏది తడబడుతుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.