చల్ల లేని పాడి ఇల్లు

మొన్న ఒక మిత్రుడు నాకొక వీడియో పంపించారు. మంచు తెరల నడుమ పశువుల పాక, మెడగంటల సవ్వడి, నురగలు పొంగుతున్న పాలచెంబు, ఆ పక్కనే కట్టెల పొయ్యి మీద మట్టికుండలో ఉడుకుతున్న పప్పు, వీటన్నిటి వెనుక వేణునాదం. "జీవితమంటే ఇదీ! నగరాలకు వచ్చి మనం పోగొట్టుకున్నది ఇదే" అని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. ఆ వాక్యంతోనే నా పేచీ.

ఆ పాలు పితికిన స్త్రీ ఆ పూట ఏమి తిన్నదో ఆ చిత్రంలో లేదు. ఆ చెంబులోని పాలు ఎవరింటికి పోయాయో అంతకంటే లేదు. ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా పల్లెను పొగడటం పల్లె మీద ప్రేమ కాదు. అది మన సెలవుల మీద మనకున్న ప్రేమ.

మా మేనత్తగారి ఊరు రోలుగుంట దగ్గర ఒక చిన్న పల్లె. చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్ళే దారిలోని ప్రాంతమది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారేదాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కొంత వరి, కొంత చెరకు, నాలుగు గేదెలు, రెండు ఆవులు. నా చిన్ననాటి వేసవులన్నీ ఆ పాక చుట్టూనే తిరిగాయి. కనుక ఈ మాటలు నేను దూరం నుంచి చూసి అంటున్నవి కావు.

కోడి కూయక మునుపే అత్త లేచేది. పేడ ఎత్తి, వాకిట కళ్ళాపి చల్లి, తవుడు వేసి కుడితి కలిపేది. దూడను విడిచి, గేదె చేపిన తరువాత దానిని లాగి గుంజకు కట్టి, పాలు పితకడానికి కూర్చునేది. తెల్లవారేసరికి కేను పాల కేంద్రానికి చేరాలి. ఆలస్యమైతే ఆ పూట పాలు ఇంటికి తిరిగి వస్తాయి. ఆ తరువాత పిడకలు చరచడం, గడ్డి కోసి తేవడం, చెరకు కొట్టే రోజులలో మొవ్వలు మోసి తెచ్చి వేయడం, గేదెలను చెరువుకు తోలడం. సాయంత్రం మళ్ళీ కుడితి, మళ్ళీ పాలు, మళ్ళీ కేను. ఈ పనుల సందులలో, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ, వంట.

ఆ వంట ఏమిటి? పొద్దున చోడి అంబలి, లేదా చద్దన్నంలో ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, వంకాయో గుమ్మడికాయో వేసిన పులుసు, ఆవకాయ. రాత్రికి ఆ పులుసే. గేదె ఈనినప్పుడు జున్ను, పండుగకు పరమాన్నం. రుచికేమీ లోటు లేదు. అత్త చేతి పులుసు రుచి నాకు మరెక్కడా దొరకలేదు. కానీ ఆరు పశువులున్న ఆ ఇంటి కంచంలో పెరుగు మాత్రం ఒక గరిటె. మామయ్యకు ముందు, చుట్టాలకు తరువాత, పిల్లలకు ఆ తరువాత. అందరి వెనుక తినే అత్త దాకా అది వచ్చేది కాదు.

ఒకనాడు నేను రెండోసారి పెరుగు అడిగాను. అత్త గిన్నెలో ఉన్న కాస్త పెరుగులో చెంబెడు నీళ్ళు పోసి కలిపి నా కంచంలో వంచి, "పాలు మనవే గానీ బాబూ, లెక్క మనది కాదు" అన్నది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ లెక్కేమిటో ఇప్పుడు చెబుతాను.

పాల కేంద్రంలో ధర కట్టేది ప్రధానంగా వెన్న శాతాన్ని బట్టి. గేదె పాలలో ఆరు శాతం వెన్న ఉన్నదంటే కిలో పాలకు 60 గ్రాములు. పూర్వం కూడా పాడి ఇల్లు అమ్ముకున్నది ఆ వెన్ననే, నెయ్యిగా కాచి. కానీ ఎలా అమ్మింది? పాలు దాలిలో కాగి, తోడుకొని, కవ్వం కింద చిలికిన తరువాత వెన్న మాత్రమే బజారుకు పోయేది. చల్ల ఇంట్లో మిగిలేది. పాలలోని మాంసకృత్తులు దాదాపుగా అన్నీ ఆ చల్లలోనే ఉంటాయి. అంటే బజారు కొవ్వును తీసుకుని బలాన్ని ఇంటికి వదిలేది. నేటి కేను ఆ విభజన ఎరుగదు. అది పాలకు పాలుగా ఎత్తుకుపోతుంది. వెన్న పేరు మీద ధర చెల్లించి సర్వస్వాన్ని తీసుకుపోయే బేరమిది.

ఆ చల్ల ఇంటికే పరిమితం కాలేదు. పాడి లేనివారు ముంత పట్టుకుని పెరటిలోకి వచ్చి అడిగి తీసుకుపోయేవారు. "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అన్న సామెత ఊరికే పుట్టలేదు గదా! సామెత బతికింది, చల్ల పోయింది. నేడు ఆ సామెత చెప్పే పిల్లవానికి అందులో ముంత ఎందుకు వచ్చిందో వివరించి చెప్పవలసి వస్తున్నది.

వెనకటి రోజులు బంగారమని నేననడం లేదు. ఆ చల్ల పంపకంలో ధర్మంతో పాటు దర్పమూ ఉండేది. కొందరికి ఇంటి మెట్టు దాకా రానిచ్చి పోసేవారు, కొందరికి దూరాన నిలబెట్టి ఎత్తు నుంచి పోసేవారు. ఆ అవమానాన్ని తిరిగి తెమ్మని ఎవరు కోరతారు? అలాగే పాల కేంద్రం వల్ల ఒనగూరిన మేలునూ కాదనను. 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు సహకార సంఘం పెట్టుకున్నది దళారుల దోపిడీకి విరుగుడుగానే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, వర్గీస్ కురియన్ నాయకత్వంలో, ఆ నమూనాను దేశమంతటికీ తీసుకుపోయింది. పంట పోయిన ఏడాది కూడా మా అత్త పిల్లల బడి జీతాలు ఆగకపోవడానికి ఆ పాల బిల్లే కారణం. ఆ మాట మరిస్తే కృతఘ్నత అవుతుంది.

కానీ ప్రశ్న కొత్తది కాదు. 1983లోనే క్లాడ్ అల్వారిస్ ఆపరేషన్ ఫ్లడ్ మీద ఒక ఘాటైన విమర్శ రాసి దేశమంతటా దుమారం రేపారు. పల్లె పాలు పట్నానికి ప్రవహిస్తే పల్లె కడుపు మాటేమిటన్నది ఆనాటి విమర్శకుల ప్రశ్న. దానికి వచ్చిన జవాబు, నేటికీ వినిపించే జవాబు, ఒకటే: పాలు అమ్మిన డబ్బుతో వారు మరేదైనా మంచి తిండి కొనుక్కోవచ్చు గదా! కొనుక్కోవచ్చు. కానీ ఆ డబ్బు ఇంటికి చేరేలోపు తవుడుకు, చెక్కకు, పశువైద్యానికి, అప్పు వాయిదాకు పంచుకుపోతుంది. మిగిలినది మామయ్య చేతికి వస్తుంది. పెరటిలో ఉన్న చల్లకుండ మీద అధికారం అత్తది. బిల్లు మీద అధికారం ఆమెది కాదు. తిండి డబ్బుగా మారినప్పుడు దాని యజమాని కూడా మారిపోతాడని లెక్కలు వేసేవారికి తట్టలేదు.

2023–24లో మన దేశం 23 కోట్ల 93 లక్షల టన్నుల పాలు ఉత్పత్తి చేసింది. తలసరి లభ్యత రోజుకు 471 గ్రాములట. ప్రపంచంలో ప్రథమ స్థానం మనదే. సంతోషం! కానీ సగటు అనేది ఎవరి గ్లాసులోనూ పోసి తాగేది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లలలో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. దీనికి పాలు ఒక్కటే కారణం కాదని నాకూ తెలుసు. అయినా ఆ రెండు అంకెలనూ ఒకే పుటలో పక్కపక్కన అచ్చు వేస్తే మన గర్వం కొంచెం తల దించుకుంటుంది.

ఇక శ్రమ సంగతి. 2019లో జరిగిన దేశవ్యాప్త కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి దానిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పాడి ఉన్న ఇంట్లో ఇంటి పని ఎక్కడ ముగుస్తుందో, పాక పని ఎక్కడ మొదలవుతుందో గీత గీయగలవారెవరు? తవుడు ధర లెక్కలోకి వస్తుంది. ఆ తవుడు కలిపిన చేతికి ధర లేదు. లీటరు పాలకు ఇంత అని నిర్ణయించేటప్పుడు ఆ చేతిని ఉచితంగా వచ్చే వానతో సమానంగా జమకట్టినంత కాలం, నగరంలో మనం తాగే కాఫీలో సగం ధర్మం మా అత్త చేసినదే.

కనుక నేను కోరేది పాత కాలాన్ని కాదు, మూడు కొత్త నియమాలను. ఒకటి, పాలు పితికిన వారి పేరనే బిల్లు రావాలి. రెండు, పాల ధర కట్టేటప్పుడు ఆ శ్రమకు కూలి కట్టాలి. మూడవది ఏ ప్రభుత్వమూ చేయనక్కరలేనిది: ఇంటి పాలు తీసిన తరువాతే కేను నిండాలి.

ఈ మూడవ నియమం మన పాకలలో లేనిదేమీ కాదు. నాలుగు చన్నులలో ఒకటి దూడకు వదలాలన్నది మంచి పాడివారి ఆనవాయితీ. ఎంత అవసరం వచ్చినా మా అత్త దానిని తప్పలేదు. దూడ ఉసురు పోసుకోకూడదనేది. దూడకు ఒక చన్ను వదలగలిగిన ధర్మం ఇంటి పిల్లకు ఒక గ్లాసు, పితికిన తల్లికి ఒక గరిటె వదలలేకపోవడం పేదరికం వల్ల మాత్రమే జరిగిందని నేను నమ్మను. ఆమె వంతు అన్నది ఒకటి ఉన్నదని ఎవరికీ తోచకపోవడం వల్ల జరిగింది.

మిత్రమా, మీరు పంపిన వీడియో అందంగా ఉన్నది. ఈసారి అటువంటిది తీసేవారు ఎవరైనా మీకు తెలిస్తే, నా మాటగా ఒక్కటి చెప్పండి. వేణునాదం ఆపి, అందరూ తిని లేచిన తరువాత, ఆమె వడ్డించుకున్న కంచాన్ని ఒక్క నిమిషం చూపించమనండి.