ముందు మా చేతులు: రాయపూరు ప్రాథమికోపాధ్యాయుల ప్రణాళిక

విజయనగరము, పార్వతీపురముల మీదుగా వచ్చు రైలుమార్గము 1931లో రాయపూరు వరకు పూర్తియైన నాటినుండి, ఆ పట్టాలవెంట బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చి ఇచ్చటనే నిలిచిపోయిన తెలుగు కుటుంబములలో పుట్టి, ఇంట తెలుగును, వీథిలో ఛత్తీస్‌గఢీని, తరగతిలో హిందీని మాటలాడుచు జీవించు ప్రాథమికోపాధ్యాయులము కొందరము, క్షేత్రగణితమును బోధించుటకు మాకుగల యోగ్యతను మాలో మేము విచారించుకొని, ఈ ప్రణాళికను వ్రాసికొనుచున్నాము. మాకు పేరు లేదు, కార్యాలయము లేదు, చందా లేదు. ఆదివారము ఉదయము కూర్చుండుటకు ఒక చాపయు, రెండు కత్తెరలును, ఒక జిగురుసీసాయు కలవు.

మా తండ్రులలో వ్యాగన్ల మరమ్మతు కర్మశాలలో ఫిట్టర్లుగా పనిచేసినవారు కలరు. అయిదవ తరగతితో బడి మానిన ఒకాయన, డ్రాయింగు కాగితమును బల్లపై పరచి, పైనుండి చూచిన రూపమును ప్రక్కనుండి చూచిన రూపముతో సరిచూచుకొని, ఇంకను తయారుకాని ఇనుపభాగము వెనుకవైపున ఎట్లుండునో వ్రేలితో గాలిలో గీసి చూపెడివాడట. ఆయన కుమార్తె పట్టభద్రురాలై, శిక్షణము ముగించి, ఇరువదేండ్లుగా పాఠము చెప్పుచున్నను, ఘనము బొమ్మలో కనబడక దాగియున్న అంచులు మూడని చెప్పుటకు తడబడితినని మా నడుమ ఒప్పుకొనినది. ఇది ఆమె లోపమని మేమనము. ఆమె చదువు నిర్వచనముల నడిగినది, సూత్రముల నడిగినది; వస్తువును మనస్సులో త్రిప్పి చూడగల శక్తిని ఒక్కనాడును అడుగలేదు.

మొదటి ఆదివారమున ఒకరు చతురస్రాకారపు కాగితమును చాపమీద పరచి పేరడిగిరి, అందరును చతురస్రమనిరి. దానినే త్రిప్పి మూలమీద నిలుపగా, మాలో పెక్కుమంది నోట పేకముక్కలలోని 'డైమన్' అను మాట వెలువడినది. నవ్వుకొంటిమి గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. హాలెండు దేశపు ఉపాధ్యాయ దంపతులు పియరు వాన్ హీలె, దీనా వాన్ హీలెలు, తమ తరగతులలోని పిల్లలకు క్షేత్రగణితము ఏల అంటుకొనుట లేదో పరిశీలించి, 1957లో ఉట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములలో, ఆకారమును మొత్తముగా చూచి పోల్చుకొనుట మొదటి మెట్టనియు, దాని గుణములను విడదీసి చెప్పుట రెండవదనియు, ఆ గుణముల నడుమ సంబంధమును గ్రహించుట ఆ పైదనియు, ఒక మెట్టుననుండి మాటలాడు గురువు మాట మరియొక మెట్టుననున్న శిష్యునికి చెవిని పడినను మనస్సున పడదనియు తెలిపిరి. మా విషయములో విచిత్రమేమనగా, గురుశిష్యులిరువురును మొదటి మెట్టుననే యుండగా, పుస్తకము మాత్రము మూడవ మెట్టుననుండి పలుకుచున్నది.

వస్తువును మనస్సులో త్రిప్పి చూడగల దృష్టి కొందరికి పుట్టుకతో వచ్చు వరమనియు, ముఖ్యముగా స్త్రీలకు రాదనియు లోకమున ప్రచారములోనున్న మాటను మేము త్రోసిపుచ్చుచున్నాము. ఈ దృష్టిని పెంచు శిక్షణములపై జరిగిన 217 పరిశోధనలను అమెరికా మనస్తత్త్వవేత్తలు ఏకముగా పరిశీలించి, అభ్యాసమువలన ఈ శక్తి పెరుగుననియు, పెరిగినది కొంతకాలము నిలుచుననియు 2013లో ప్రకటించిరి. పెరుగునదైనచో పెంచుకొనకపోవుట మా తప్పగును.

కావున మేము చేసికొన్న మొదటి నియమమిది: మా చేతులతో మడువని, కత్తిరింపని, త్రిప్పి చూడని ఆకారమును పిల్లలకు పాఠముగా చెప్పరాదు. ఆరు సమచతురస్రములను అంచున కంచు కలిపి పేర్చినచో వేర్వేరు ఆకారములు 35 వచ్చును. వానిలో మడిచి ఘనము చేయదగినవి 11 మాత్రమే. ఈ లెక్క నెరుగుట చాలా సులువు. ఆ పదకొండింటిని అట్టముక్కలతో కనుగొనుటకు మాకు మూడు ఆదివారములు పట్టినది. మెట్లవలె రెండు రెండుగా దిగునది మడతపడదని పందెము కాసినవారు, అది కళ్ళయెదుట పెట్టెగా మూసికొనగా, మరల విప్పి మరల మడిచి, చివరకు ఏ పలక ఏ పలకకు ఎదురగునో మడువకయే చెప్పసాగిరి. మేము కోరు విద్య ఆ క్షణముననే ఆరంభమైనది. ఇట్లు చేతితో మడిచి నేర్చుట విదేశపు వింత కాదు. విద్యావేత్త ఫ్రోబెలు బాలోద్యానములలోని కాగితపు మడతలనుండి స్ఫూర్తి నొంది, టి. సుందరరావుగారు 1893లో మద్రాసున ప్రకటించిన ఆంగ్లగ్రంథము, కాగితమును మడిచియే బహుభుజులను, వక్రరేఖలను సాధించి చూపినది. జర్మను గణితవేత్త ఫెలిక్సు క్లైను దానిని పేర్కొనగా పాశ్చాత్యలోకము దానిని గుర్తించినది. అట్టి గ్రంథము ఈ దేశమున పుట్టినదని మా శిక్షణకాలములో మాకెవరును చెప్పలేదు.

భాషనుగూర్చి ఒక మాట. మా బడిపిల్లలు ఛత్తీస్‌గఢీలో కుడిచేతిని 'జేవనీ' యనియు, ఎడమచేతిని 'డేరీ' యనియు ఇంట వినుచు పెరుగుదురు. జేవనీ యన్నది తినుటను బట్టి వచ్చిన మాట; కుడుచు చేయియే కుడిచేయి యని మన పెద్దలును చెప్పుదురు గదా. రెండు భాషలు ఒకే కంచమునొద్ద కూర్చుండి దిక్కులకు పేరు పెట్టుకొనినట్లున్నది. ఈ మాటలను నాటుమాటలని తరగతినుండి వెళ్ళగొట్టము. అట్లే, హిందీలో చతురస్రము 'వర్గ్' అగుటవలన, వర్గమనగా సంఖ్యను దానితోనే గుణింపగా వచ్చునదని మాత్రమే తెలుగున నేర్చిన మాకు కలుగు తికమకను దాచుకొనక పిల్లలతో పంచుకొందుము.

మరియొక మాట, మావారికే కొంత రుచింపకపోవచ్చును. మన తల్లులు చుక్కలు పెట్టి ముగ్గు తీర్తురు గనుక క్షేత్రగణితము మన రక్తములోనున్నదని సభలలో చప్పట్లు కొట్టించుకొనుట మాకు సమ్మతము కాదు. సందుచుక్కల వరుస ఎందుకు ఒకటొకటిగా తగ్గునో, తగ్గకున్నచో ముగ్గేమగునో అడిగి, చేతికి తెలిసినదానిని నోటికి తెచ్చినప్పుడే అది పాఠమగును. ఆ ప్రశ్న నడుగుటయే ఉపాధ్యాయుని పని.

మాలో ఒకరు ఎన్నడో ఒక శిక్షణతరగతికి పోయి, మూడు గంటలసేపు తెరపై ఘనాకృతుల బొమ్మలను చూచి, ఒక్క అట్టపెట్టెనైనను తాకకుండ ధ్రువపత్రముతో తిరిగివచ్చిరి. శిక్షణములను నిర్ణయించు పెద్దలకు మా విన్నపము స్వల్పము: ఉపన్యాసకాలములో సగము కత్తెరకీయుడు, త్రిభుజమును ఎల్లప్పుడును అడుగుభుజముమీదనే కూర్చుండబెట్టక, తలక్రిందుగను, ప్రక్కవాటుగను పుస్తకములలో ముద్రింపుడు.

చలికాలమున మహానదీతీరమందలి సిర్‌పూరునకు పోయి, 7వ శతాబ్దమున ఇటుకలతో కట్టిన లక్ష్మణాలయమును ముందునుండియు, ప్రక్కనుండియు చూచి గీసి, పైనుండి ఎట్లుండునో ఊహించి గీయ సంకల్పించితిమి. దానికి ముందు, వచ్చు ఆదివారమునకు, ప్రతివారును ఇంటినుండి ఒక ఖాళీ మిఠాయి డబ్బాను తేవలెను. విప్పకముందే, విప్పినచో అది ఎట్లుండునో సిరాతో కాగితముపై గీసియుండవలెను. విప్పిన పిదప గీతను దిద్దరాదు.