కథకు ఊ కొట్టేదెవరు?

మన భాషలో కథ అనే మాటకు రెండు బతుకులున్నాయి. అమ్మమ్మ నోట వింటే అది కథ. అదే ఒక ఆడమనిషి దెబ్బలు తిని పోలీసు స్టేషనుకో, కుల పంచాయితీకో వెళ్ళి తన గోడు వినిపిస్తే "కథలు చెప్పకు" అంటారు. కట్టుకథ, కాకమ్మ కథ, పుక్కిటి పురాణం. మాటను తీసిపారెయ్యడానికి ఎన్ని పేర్లు! ఇంకోపక్క మనం, అంటే సంఘాలూ స్వచ్ఛంద సంస్థలూ, అదే కథను శిక్షణా శిబిరాల్లో, కళాజాతాల్లో తెగ వాడుకుంటున్నాం. బుర్రకథలో పొదుపు, ఒగ్గుకథలో ఆడపిల్లల చదువు. అందులో తప్పేమీ లేదు. కానీ కుండలో ఉన్నది పారబోసి మన సందేశం నింపుకుంటున్నామేమో, అంతకుముందు అందులో ఏముందో చూశామా అన్నదే ప్రశ్న.

ఎ.కె. రామానుజన్ 1991లో వెలువరించిన భారతదేశపు జానపద కథల సంకలనంలో ఒక తమిళ కథ ఉంది. భర్త పోయిన ఒక పేదరాలు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళతో ఉంటుంది. నలుగురూ తిట్టేవాళ్ళే, సాధించేవాళ్ళే. చెప్పుకునే దిక్కులేక అన్నీ కడుపులోనే దాచుకుంటుంది. దాచుకున్నకొద్దీ ఒళ్ళు వస్తుంది. తిని తిని ఒళ్ళు పెంచుతోందని దానికీ ఎగతాళే. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నడుచుకుంటూ పోయి, ఊరి బయట కప్పు ఎగిరిపోయిన పాడింట్లో దూరుతుంది. ఎదురుగా ఉన్న గోడకు ఒక కొడుకు పెట్టిన బాధలన్నీ చెబుతుంది. చెప్పడం అయ్యేసరికి ఆ బరువుకు గోడ కూలిపోతుంది. అలాగే ఒక్కొక్కరి సంగతీ ఒక్కో గోడకు. నాలుగు గోడలూ కూలాక చూసుకుంటే ఒళ్ళు తేలికయింది. లేచి ఇంటికి వెళ్ళిపోతుంది. కథ అంతే.

ఉద్యమాల్లో పనిచేసేవాళ్ళకు ఈ కథ అసంతృప్తిగానే ఉంటుంది. ఇంటికి వెళ్ళాక ఏమయింది? కొడుకులు మారారా? ఆస్తిలో వాటా అడిగిందా? కథ చెప్పదు. ఆ చెప్పకపోవడంలో నిజాయితీ ఉందని మాకనిపిస్తుంది. చెప్పుకుంటే బరువు దిగుతుంది, న్యాయం జరగదు. ఆ తేడా ఈ కథ కట్టిన ఆడవాళ్ళకు బాగా తెలుసు. 'గోడలకు చెవులుంటాయి, మెల్లగా మాట్లాడు' అని ఆడపిల్లల నోరు నొక్కడం మనకు అలవాటు. ఈ కథలో మాత్రం మనుషులకు లేని చెవులు గోడలకున్నాయి.

నేరుగా చెప్పలేనిది ఇంకొకరి మీద పెట్టి చెప్పడం తెలుగు ఆడవాళ్ళకూ పాత విద్యే. స్త్రీల రామాయణపు పాటలు చూడండి. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ గుర్తుపట్టదు. ఎవడో పరాయివాడు గదిలోకి వచ్చాడనుకుని నిలదీస్తుంది, పరుల భార్యల కోసం ఆశపడి చెడినవాళ్ళను ఏకరువు పెడుతుంది. అన్నతో అడవికి పోతూ భార్యతో ఒక్కమాట సంప్రదించని మొగుడికి ఆ పలకరింపు న్యాయమే. మరో పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీసి ఇమ్మంటుంది. తాను అతని కాలి బొటనవేలు తప్ప చూడలేదంటుంది సీత. ఆ వేలు మీదనుంచి బొమ్మ పూర్తయి చివరకు సీత మెడకు చుట్టుకుంటుంది. రాముడు శిక్ష వేస్తే అంతఃపురంలోని ఆడవాళ్ళందరూ సీత పక్షాన నిలబడతారు. అనుమానం, శిక్ష, ఆడవాళ్ళ ఐకమత్యం అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఈ పాటల మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసంతో బయటి పండితుల దృష్టి వీటిమీద పడింది. పాడుకునేవాళ్ళకు అప్పటిదాకా పండితుల దృష్టితో పనిపడలేదు. అయితే ఇవి ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ళలో పాడుకున్న పాటలు. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పాడుకున్న ఆడవాళ్ళ సీత వేరు, బాధలు వేరు. అన్నిటినీ కలిపి 'స్త్రీల గొంతు' అనేస్తే కులం కనబడకుండా పోతుంది.

ఇదేదో సాహిత్య చర్చ అనుకోవద్దు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో కూర్చునేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే విషయమే. వచ్చిన స్త్రీ మొదట తన సంగతి చెప్పదు. "మా వీధిలో ఒకామె ఉందండీ" అని మొదలుపెడుతుంది. 2005 గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమావళిలో సంఘటన నివేదిక నమూనా ఉంది. తేదీ, స్థలం, సమయం, హింసకు పాల్పడిన వ్యక్తి - ఇలా గడులున్నాయి. ఆ వివరాలు లేనిదే కేసు నడవదు, నిజమే. కానీ 'ఆ వీధిలో ఆమె' కథ మధ్యలో ఆపి "ఏ తేదీనమ్మా?" అని అడిగితే ఆ తలుపు మూసుకుపోతుంది. మన ఊళ్ళలో కథ చెప్పేవాళ్ళు వినేవాళ్ళను ఊ కొట్టమంటారు. ఊ ఆగితే కథా ఆగుతుంది. ముందు ఊ కొట్టాలి. గడులు రెండో రోజు నింపుకోవచ్చు.

అలాగని పాత కథలన్నీ మన పక్షం కాదు. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చెరువు కథ చాలామందికి తెలుసు. కట్ట తెగబోతుంటే గ్రామదేవత బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి కోరుతుంది, ఆమె ఊరికోసం ఒప్పుకుంటుంది. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశారు. త్యాగం అని పొగుడుతూనే ఉన్నాం. చెరువు కింద పొలాలున్నవాళ్ళెవరు, బలికి దొరికిందెవరు అని ఎంతమంది అడిగాం? పరాయింటి నుంచి వచ్చిన పిల్ల, అందులోనూ చిన్నకోడలు.

ఎల్లమ్మ కథ ఇంకా చిక్కుది. భర్త అనుమానిస్తే కొడుకు చేత తల నరికించుకున్న తల్లి ఆమె. ఆమెకు మాదిగ ఇంట ఆశ్రయం దొరికిందని మన చిందు కళాకారులు చెబుతారు. ఇంతకన్నా పదునైన కథ ఎక్కడుంది? కానీ ఆ ఎల్లమ్మ పేరుమీదే దళిత ఆడపిల్లలను జోగినులుగా విడిచారు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. కథ ఒక్కటే, దాన్ని చేతపట్టుకున్న పెద్దలు వేరు. కనుక మనం కథను మార్చి చెప్పాల్సిన పనిలేదు, కథను నిషేధించాల్సిన పనీ లేదు. ఎవరు చెబుతున్నారు, ఎవరి లాభానికి చెబుతున్నారు అని అడిగితే చాలు. ఆ ప్రశ్న మనకన్నా ముందు జోగిని స్త్రీలే అడుగుతారు, వాళ్ళను మాట్లాడనిస్తే.

కథ కదిలించగలదనడానికి నెల్లూరు జిల్లా మనకు దగ్గరి సాక్ష్యం. అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సారా వల్ల పేద స్త్రీలు పడే బాధలు కథగా వచ్చాయి. రాత్రి బడిలో అది చదివిన ఆడవాళ్ళు 'పాపం' అని ఊరుకోలేదు, 'మా ఊళ్ళోనూ ఇంతే' అన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై తక్కిన ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తేసింది. వాచకం రాసినవాళ్ళు గొప్పవాళ్ళే, కాదనం. కానీ పనిచేసింది ఆ పాఠం చుట్టూ ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న సొంత సంగతులు.

చెప్పినదాన్ని చెప్పినట్టే ఉంచడం ఎలాగో 1986లోనే స్త్రీశక్తి సంఘటన చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను రికార్డు చేసి, వాళ్ళ మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అప్పుడు టేప్ రికార్డరు మోసుకుపోవాలి. ఇప్పుడు ప్రతి కార్యకర్త చేతిలో ఫోనుంది. అందుకే ప్రమాదమూ ఎక్కువ. నమ్మి చెప్పుకున్న మాట సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, సంవత్సరాంతానికి నిధులిచ్చేవాళ్ళ నివేదికలో 'విజయగాథ' అవుతుంది.

వచ్చే సంచిక నుంచి మీరు విన్న కథలకు, పాటలకు రెండు పేజీలు కేటాయిస్తున్నాం. సరిదిద్దకుండా, ఆమె యాసలోనే రాయండి. ఎవరి దగ్గర నేర్చుకుందో, చెబుతున్నప్పుడు గదిలో ఇంకా ఎవరున్నారో, ఎక్కడ ఆగిందో కూడా రాయండి. రాసింది ఆమెకు చదివి వినిపించాకే పంపండి. పేరు వెయ్యమంటే వేస్తాం. వద్దంటే ఊరి పేరు కూడా వద్దు.