వెంట వచ్చే ఇల్లు



నత్తను చూశారు గదా? అది ఎక్కడికి పోయినా తన ఇల్లు తన వీపు మీదనే ఉంటుంది. సత్రం వెతుక్కునే పని లేదు, అద్దె ఇచ్చే పని లేదు. మనిషికి కూడా అటువంటి ఇల్లు ఉంటే బాగుంటుందని చాలామందికి తోచింది. ఇప్పుడు అమెరికాలో లక్షల కుటుంబాలకు అటువంటి ఇళ్ళు ఉన్నాయి. వాటిని ట్రావెల్ ట్రెయిలర్లు అంటారు. ఇంగ్లండులో కారవాన్లు అంటారు.

ట్రెయిలరుకు ఇంజను ఉండదు. నాలుగు గోడలు, ఒక కప్పు, కింద చక్రాలు, ముందుకు పొడుచుకు వచ్చిన ఇనప నొగ ఉంటాయి. ఆ నొగను కారు వెనక ఉండే ఉక్కు గుండుకు తగిలించి లాక్కుపోతారు. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ అమర్చి ఉంటాయి.

ఇటువంటి ఇల్లు కొనేటప్పుడు ఏమేమి కోరుకోవాలి, కొన్న తరవాత ఏమేమి బాగు చేసుకోవాలి అన్నది ఈ నెల చూద్దాం. మీ బాబాయిగారో, మేనత్తగారో అమెరికాలో ఉంటే ఈ సంగతి వారికి పనికి వస్తుంది. ఎవరూ లేకపోయినా ఫరవాలేదు. మీ సైన్సు పుస్తకంలోని పాఠాలు చాలావరకు ఈ బండిలో దాగి ఉన్నాయి.

మొదట దీని కథ కొంచెం తెలుసుకుందాం. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడుగా పని చేశాడు. తరవాత మీవంటి పిల్లల కోసం సాహస కథలు రాశాడు. ఆయన 1885లో బ్రిస్టల్ నగరంలో ఒక ఇంటిబండి చేయించుకుని, దానికి "వాండరర్" అని పేరు పెట్టాడు. అంటే దేశదిమ్మరి అన్నమాట. దాని బరువు సుమారు 2 టన్నులు. రెండు గుర్రాలు లాగేవి. ఇంగ్లండు నుంచి బయలుదేరి స్కాట్లండులోని ఇన్‌వర్నెస్ దాకా ఆయన ఆ బండిలోనే ప్రయాణం చేశాడు.

అమెరికాలో 1930ల్లో వాలీ బయమ్ అనే ఆయన విమానాలను చూసి, అదే పద్ధతిలో అల్యూమినియం రేకులతో తేలికైన ట్రెయిలర్లు తయారు చేయించాడు. వాటి పేరు ఎయిర్‌స్ట్రీమ్. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి తిరిగి వచ్చినప్పుడు, చంద్రుడి మీది క్రిములేమైనా వెంట వచ్చాయేమోనని అందరికీ భయం వేసింది. అప్పుడు ఆ ముగ్గురినీ మొదట ఉంచినది చక్రాలు తీసి మార్పులు చేసిన ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలరులోనే! లోపలి గాలి బయటికి పోకుండా, లోపల గాలి ఒత్తిడిని బయటి కంటే కొంచెం తక్కువగా ఉంచారు. చంద్రుడి నుంచి వచ్చిన వారికి భూమి మీద దొరికిన మొదటి ఇల్లు అదే.

ఏది ముందు, ఏది తరవాత?

ఇక బేరానికి వద్దాం. ట్రెయిలరు అమ్మేవాడి దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. కప్పు మీద రెండో ఏసీ కావాలా? మీట నొక్కితే గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే ఏర్పాటు కావాలా? బయట ఇంకొక వంటపొయ్యి కావాలా? పెద్ద టీవీ కావాలా? ఆయన అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. అది ఆయన వృత్తి. మనం మాత్రం జాబితాను రెండు భాగాలు చేసుకోవాలి.

మొదటిది, కార్ఖానాలో తప్ప తరవాత పెట్టించటానికి వీలు కానివి. గోడల మధ్య చలిని, వేడిని ఆపే పొర, బలమైన ఇరుసులు, నీళ్ళ తొట్టి పరిమాణం, ఎందరికి పడక అన్న లెక్క, ఇవన్నీ ఇటువంటివి. డబ్బు ఉంటే వీటికే ముందు పెట్టాలి. రెండవది, ఎప్పుడు కావలిస్తే అప్పుడు పెట్టుకోదగినవి. దీపాలు, కొక్కేలు, అరలు, సూర్యరశ్మితో కరెంటు ఇచ్చే పలకలు, టీవీ ఇటువంటివి. వీటిని మొదటి ఏడాది కొనకపోవటమే మంచిది. రెండు మూడు ప్రయాణాలు చేస్తే ఏది కావాలో, ఏది అక్కర లేదో బండే చెబుతుంది.

గోడ జరిగే గది సంగతి కూడా చెప్పాలి. దానివల్ల చోటు బాగా పెరుగుతుంది, నిజమే. కాని దానికి మోటారు, పట్టాలు, చుట్టూ రబ్బరు అంచులు కావాలి. బరువు పెరుగుతుంది. రబ్బరు పాతబడితే వాన నీరు లోపలికి వస్తుంది. ముసలివారు, పిల్లలు కలిసి ఎక్కువ రోజులు ఉండే కుటుంబానికి అది తగును. ఇద్దరు మనుషులు శని, ఆదివారాలు గడపటానికి అంత ఏర్పాటు అక్కర లేదు.

బరువు లెక్క

ప్రతి ట్రెయిలరుకూ ఒక పరిమితి ఉంటుంది. సరుకు ఇన్ని కిలోలకు మించరాదు అని అమెరికాలో ట్రెయిలరు మీదనే చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీ చదవకుండా బండి కొనటం, చదువు వచ్చి కూడా పత్రం చదవకుండా సంతకం పెట్టటం వంటిది.

ఒక తెలుగు కుటుంబం ఉన్నదనుకుందాం. అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. వారి ట్రెయిలరు మోయగల సరుకు 500 కిలోలు. తొట్టిలో నీళ్ళు 150 లీటర్లు, అంటే 150 కిలోలు. గ్యాసు సిలిండర్లు రెండు, 35 కిలోలు. బ్యాటరీ 30. బట్టలు, పక్కలు 80. బియ్యం, పప్పులు, పచ్చళ్ళు, కుక్కరు, గిన్నెలు 70. కుర్చీలు, పనిముట్లు 55. వెనక తగిలించిన సైకిళ్ళు నాలుగు, 60. మొత్తం కూడండి. 480 కిలోలు! ఇంకా 20 కిలోలే మిగిలింది. ఇప్పుడు 45 కిలోల రెండో ఏసీ పెట్టిస్తే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఇరుసు మీద, టైర్ల మీద పరిమితికి మించిన బరువు పడుతుంది. బరువు ఎక్కువైన టైరు వేడెక్కి, దారిలో పేలిపోవచ్చు.

దీనికి ఉపాయం ఏమిటి? దిగే చోట నీళ్ళు దొరుకుతాయని తెలిస్తే, దారిలో 50 లీటర్లు మాత్రం ఉంచుకోవచ్చు. ఒక్క కానీ ఖర్చు లేకుండా 100 కిలోలు తగ్గిపోయింది. లెక్క తెలిసినవాడికి ఇటువంటి లాభాలు దొరుకుతాయి.

బరువు ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ ఉన్నది అన్నది కూడా ముఖ్యం. రెండెడ్ల బండిలో ఎక్కువమంది వెనక కూర్చుంటే బండివాడు "ముందుకు జరగండి" అని కేకవేస్తాడు. వెనక బరువైతే నొగ పైకి లేచి, ఎడ్ల మెడలు బిగుసుకుపోతాయి. ట్రెయిలరు ధర్మమూ అదే. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతుల దాకా నొగ మీద, అంటే కారు గుండు మీద పడాలి. అంతకంటే తగ్గితే వేగంగా పోయేటప్పుడు ట్రెయిలరు చేపతోకలాగా అటూ ఇటూ ఊగటం మొదలుపెడుతుంది. ఆ ఊపు పెరిగితే కారును కూడా తిప్పి పడవేస్తుంది. అటువంటప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కరాదు. చక్రం తిన్నగా పట్టుకుని, కాలు మెల్లగా తీసి వేగం తగ్గించి, ట్రెయిలరు బ్రేకులను మాత్రం చేతిమీటతో వెయ్యాలి. అందుచేత ట్రెయిలరు బ్రేకులను కారులో నుంచి నడిపే పరికరమూ, ఊపును అదుపు చేసే కొక్కెమూ కొనటం టీవీ కొనటం కంటే వెయ్యిరెట్లు మేలు. అయితే కొక్కెం ఉన్నది గదా అని సరుకు ఇష్టం వచ్చినట్టు సర్దితే అది కాపాడదు. బండి నడిచేటప్పుడు ట్రెయిలరు లోపల ఎవరూ కూర్చోరాదని కూడా గుర్తు పెట్టుకోండి.

వెలుగు లెక్క

అడవిలో దిగినప్పుడు కరెంటు తీగ ఉండదు. బ్యాటరీయే దిక్కు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఎంత శక్తి ఉన్నది? 12ను 100తో హెచ్చిస్తే 1200 వాట్-గంటలు. పాతకాలపు సీసపు బ్యాటరీ అయితే అందులో సగమే, అంటే 600 మాత్రమే వాడుకోవాలి. అంతకు మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఇంట్లో 18 వాట్ల పాత దీపాలు ఆరు ఉన్నాయనుకోండి. రాత్రి 5 గంటలు వెలిగితే 540 వాట్-గంటలు అయిపోతాయి. వాటికి బదులు 3 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు పెడితే 90 మాత్రమే అవుతుంది! అన్నిటి కంటే ముందు చెయ్యవలసిన మార్పు ఇదే. ఖర్చు తక్కువ, పని పదినిమిషాలు.

నాయనమ్మకు పచ్చడి రుబ్బటానికి మిక్సీ కావాలి. 600 వాట్ల మిక్సీ 5 నిమిషాలు తిరిగితే 50 వాట్-గంటలు. ఇది పెద్ద ఖర్చు కాదు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు మాత్రం బలమైనది ఉండాలి, ఎందుకంటే మిక్సీ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎక్కువ గుంజుతుంది. ఏసీ సంగతి వేరు. అది సుమారు 1500 వాట్లు తింటుంది. నిండు బ్యాటరీ కూడా గంటసేపు నిలవదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో శక్తిని ఇంచుమించు పూర్తిగా వాడుకోవచ్చు. బరువు కూడా సీసపు దానిలో సుమారు సగమే. ధర మాత్రం ఎక్కువ. దానికి తగిన చార్జరు ఉండాలి. నీరు గడ్డకట్టే చలిలో దాన్ని చార్జి చెయ్యరాదు. ఇక 200 వాట్ల సూర్యరశ్మి పలక 4 గంటల గట్టి ఎండలో 800 వాట్-గంటలు ఇవ్వాలి. మబ్బూ దుమ్మూ ఉంటాయి గనక 600 చేతికి వస్తే సంతోషించాలి. ఇల్లు చెట్టునీడన ఉండాలి, పలక ఎండలో ఉండాలి. అందుకని కొందరు పలకను కప్పు మీద బిగించకుండా, పొడుగుపాటి తీగతో నేల మీద ఎండలో నిలబెడతారు.

నిప్పుతో చల్లదనం

చాలా ట్రెయిలర్లలో గ్యాసు మంటతో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. మంటతో చల్లదనమా అని ఆశ్చర్యపోకండి. 1922లో స్వీడన్ దేశంలో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని కనిపెట్టారు. వేడి తగిలితే నీటిలో కలిసి ఉన్న అమ్మోనియా ఆవిరై బయటికి వస్తుంది. అది చల్లబడి ద్రవమై, మళ్ళీ ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. దీనిలో పంపు లేదు. ద్రవం తనంతట తానే పల్లానికి పారాలి. అందుచేత బండిని సమంగా నిలపకపోతే ఆ ఫ్రిజ్ చెడిపోతుంది. తాపీమేస్త్రి వాడే రసమట్టం ఒకటి బండిలో పెట్టుకుంటే చాలు. బ్యాటరీతో నడిచే కొత్తరకం ఫ్రిజ్‌లకు ఈ బాధ తక్కువ, కాని అవి బ్యాటరీని తింటాయి.

గ్యాసు ఉన్న చోట జాగ్రత్త ఉండాలి. ప్రొపేను గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కారితే నేల మీద పరుచుకుంటుంది. అందుకనే దాన్ని పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా పెడతారు. పొగను పసిగట్టేది పైకప్పుకు ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే పరికరం ప్రతి ట్రెయిలరులోనూ ఉండి తీరాలి. ఈ పరికరాలకు ఆయుష్షు ఉన్నది. వాటి మీద వేసిన గడువు దాటితే కొత్తవి పెట్టాలి. చలిగా ఉన్నదని వంటపొయ్యి వెలిగించి పడుకోరాదు. పాత బండి కొన్నవారు మొట్టమొదట మార్చవలసినవి కర్టెన్లు కావు, ఇవి.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక ట్రెయిలరు బరువు 2500 కిలోలు. నొగ మీద 300 కిలోలు పడుతున్నది. ఇరుసు నుంచి నొగ కొస 5 మీటర్ల దూరం. ఇరుసుకు 3 మీటర్లు వెనక 60 కిలోల సైకిళ్ళు తగిలించారు. అక్కడే 40 కిలోల పెట్టె కూడా పెట్టారు. ఆ బండి తోలవచ్చునా? ఊగుడుబల్ల సూత్రం జ్ఞాపకం చేసుకుని, మీరు చేసిన తరవాతనే కింద చూడండి.

సైకిళ్ళవల్ల నొగ మీద 36 కిలోలు, పెట్టెవల్ల 24 కిలోలు తగ్గి, 240 మిగిలింది. బండి బరువు 2600 అయింది. అందులో నూటికి 10 వంతులంటే 260. కనక తోలరాదు. అదే పెట్టెను ఇరుసుకు రెండున్నర మీటర్లు ముందు పెడితే నొగ మీద 284 కిలోలు పడుతుంది. అప్పుడు నిర్భయంగా బయలుదేరవచ్చు. ఎట్లా వచ్చిందో లెక్క వేసి మీ నాన్నగారికి చూపించండి.