కళ్లు మూసుకుంటే సరిపోతుందా?

బడిలో మైండ్‌ఫుల్‌నెస్ మనకు కొత్త కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ‘హ్యాపీనెస్ కరికులమ్’ తెచ్చింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ ‘ఆనంద వేదిక’ పేరుతో అదే బాట పట్టింది. కాసేపు మౌనంగా కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెట్టడం, ఒక కథ వినడం, దాని గురించి మాట్లాడుకోవడం. స్థూలంగా పద్ధతి ఇదే.

ఆలోచన మంచిదే. ఆరో తరగతి పిల్లవాడు ‘ఏదోలా ఉంది’ అంటాడు తప్ప అది కోపమో, భయమో, అవమానమో చెప్పలేడు. బెంగ, అలక, బిడియం, ఉక్రోషం, ఉడుకుమోతుతనం... తెలుగులో మాటలకేం కొదవ లేదు. పిల్లల చెవిన పడటమే తగ్గింది. లోపల జరుగుతున్నదానికి పేరు పెట్టగలిగితే, చెయ్యి ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగడం సాధ్యమవుతుంది.

కానీ ఈ పద్ధతి మీద జరిగిన అతి పెద్ద పరీక్ష ఆశలకు కళ్లెం వేసింది. బ్రిటన్‌లో 84 పాఠశాలల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో సాగిన ‘మిరియడ్’ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా బడులు చెప్పే భావోద్వేగ పాఠాల కంటే మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ పిల్లలకు మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు. అప్పటికే మానసికంగా నలిగిపోతున్న కొందరికి ఊరట కలగకపోగా పరిస్థితి కాస్త దిగజారింది కూడా. భయం బయటి నుంచి వస్తున్నప్పుడు ‘లోపలికి చూడు’ అనడం వాళ్లకు మరో బరువే.

ఆ బయటి భయం ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2023లో విశాఖలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణించింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు.

విశాఖ కోచింగ్ సెంటర్‌కైనా, యానాం బడికైనా, పుదుచ్చేరి ఇందిరా నగర్‌లోని పాఠశాలకైనా ఇవి వర్తిస్తాయి. కళ్లు మూసుకోవడం నేర్పడానికి ఒక పీరియడ్, ఒక టీచరు చాలు. ర్యాంకుల బోర్డు తీసేయాలన్నా, కౌన్సెలర్‌కు జీతం ఇవ్వాలన్నా యాజమాన్యాలు, ప్రభుత్వాలు కదలాలి. మొదటిది వెంటనే అమలై, రెండోది ఫైళ్లలో ఆగిపోతుండటానికి కారణం అదే.