మధిరలో మనకు టికెట్టు రాదు, మరి పార్టీలో చోటు?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. "మనవాళ్ళకు ఒక్క టికెట్టయినా ఇచ్చారా?" అని. ఖమ్మంలోనో, హైదరాబాదులోనో అయితే ఈ ప్రశ్నకు అర్థం ఉంది. మధిరలో మాత్రం లేదు. మధిర శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాల జాబితాలోకి వస్తారు. కాబట్టి ఏ పార్టీ ఎంత దయ తలచినా మధిర నుంచి ముస్లిం అభ్యర్థి నిలబడే వీలే లేదు.

ఇది మధిర ఒక్కదాని సంగతి కాదు. పాత ఖమ్మం జిల్లాలోని పది స్థానాల్లో ఏడు రిజర్వుడే. మధిర, సత్తుపల్లి షెడ్యూల్డు కులాలకు. వైరా, ఇల్లెందు, పినపాక, అశ్వారావుపేట, భద్రాచలం షెడ్యూల్డు తెగలకు. మిగిలినవి ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం. దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. తరతరాలుగా అణగారిన దళిత, గిరిజన సోదరులకు దక్కిన హక్కు అది. దాన్ని చూసి కనుబొమలు ముడవడం మనకు తగదు. అయితే అభ్యర్థి కాలేని ఓటరు తన మాట వినిపించుకునే దారి ఏది? దారి ఒక్కటే కనిపిస్తోంది. అది పార్టీ నిర్మాణం. బూత్ కమిటీ, మండల కమిటీ, జిల్లా కమిటీ, ఆపైన రాష్ట్ర కమిటీ. ఈ మెట్లకు రిజర్వేషను అడ్డం లేదు. అడ్డమున్నది మన నిరాసక్తత, వాళ్ళ అలవాటు.

మధిర నేడు మామూలు నియోజకవర్గం కాదు. ఇక్కడి నుంచి మల్లు భట్టి విక్రమార్క 2009, 2014, 2018, 2023లో వరుసగా నాలుగుసార్లు కాంగ్రెసు పక్షాన గెలిచారు. 2018లో ఆ పార్టీకి రాష్ట్రంలో 19 స్థానాలే వచ్చాయి. 2019 జూన్‌లో వారిలో 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. అంత నీరసించిన పార్టీ 2023లో 64 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఆదిలాబాదు జిల్లా పిప్పిరిలో మొదలై జూలై 2న ఖమ్మంలో ముగిసిన పాదయాత్ర సంగతి మనకు తెలిసిందే. ఆ నడకలో, ఆ సభలో మన యువకులూ ఉన్నారు. జెండా మోశారు, కుర్చీలు వేశారు. ఆ తర్వాత మండల కమిటీలో ఎందరున్నారు? ఈ ప్రశ్న ఎవరికి వారు తమ మండలంలో వేసుకోవాలి.

పై స్థాయిలో జరిగింది చూద్దాం. 2023 ఎన్నికల్లో తెలంగాణ శాసనసభకు ఏడుగురు ముస్లింలు ఎన్నికైతే ఏడుగురూ మజ్లిస్ వారే. కాంగ్రెసు పక్షాన నిజామాబాద్ అర్బన్‌లో షబ్బీర్ అలీ, జూబ్లీహిల్స్‌లో అజహరుద్దీన్ ఓడిపోయారు. ఆ డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో ముస్లిం ఒక్కరూ లేరు. 2025 అక్టోబరు 31న అజహరుద్దీన్ ప్రమాణం చేసేదాకా దాదాపు రెండేళ్ళు ఆ ఖాళీ అలాగే ఉంది. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే లెక్క ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. లెక్క వాళ్ళదే. ఆ లెక్కకు తగిన చోటు సంస్థలో ఇవ్వవలసిన బాధ్యతా వాళ్ళదే.

రాష్ట్ర శాఖలు ఇందుకు ఒక తేలిక మార్గం కనిపెట్టాయి. దాని పేరు మైనారిటీ విభాగం. ఇది ఒక్క కాంగ్రెసు జబ్బు కాదు. దాదాపు అన్ని జాతీయ పార్టీలదీ ఇదే వరస. పెద్ద ఇంట్లో పక్క గది ఇచ్చినట్లు మనవాళ్ళకు ఒక విభాగం, దానికొక అధ్యక్షుడు, ఒక లెటరుహెడ్డు. రంజాన్‌లో ఇఫ్తార్ విందు, ఎన్నికలప్పుడు మైకు. రైతుల గురించి, సాగునీటి గురించి, రోడ్ల గురించి నిర్ణయాలు జరిగే గదిలోకి మాత్రం పిలుపు రాదు. మన ఇంట్లో మిరప రైతు లేడా? కూలికి పోయే తల్లి లేదా? ఆటో నడిపే తమ్ముడు లేడా?

ఈ జిల్లాలోనే దీనికి జవాబు ఉంది. సి.పి.ఐ. నాయకుడు మహ్మద్ రజబ్ అలీ సుజాతానగర్ నుంచి పలుమార్లు శాసనసభకు గెలిచారు. ఆయన్ను ముస్లిం ఓట్లు మాత్రమే గెలిపించలేదు. రైతులు, కూలీలు తమవాడనుకుని గెలిపించారు. ఆయన పక్క గదిలో కూర్చున్న నాయకుడు కాదు. నేడా స్థానమే లేదు, 2008 పునర్విభజనలో రద్దయింది. కానీ ఆ దారి రద్దు కాలేదు.

కొందరు పెద్దలంటారు: రాజకీయం బురద, మన పిల్లలు దూరంగా ఉంటేనే మేలు అని. వారి భయం అర్థమవుతుంది. కానీ బురదకు దూరంగా ఉన్నంత మాత్రాన అది మన గడపలోకి రాకుండా ఆగదు. నాలుగు శాతం రిజర్వేషన్ల కథ గుర్తు చేసుకోండి. 2004లో ఇచ్చిన అయిదు శాతం కోర్టులో నిలవలేదు. 2005లో మళ్ళీ ఇస్తే మళ్ళీ కొట్టేశారు. వెనుకబాటును వర్గాల వారీగా పరిశీలించి 2007లో తెచ్చిన నాలుగు శాతం చట్టం కూడా 2010లో హైకోర్టులో వీగిపోయి, ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఊపిరి పోసుకుంది. సభల్లో చప్పట్లతో వచ్చిన హామీ కోర్టులో నిలవాలంటే కాగితం కావాలి, వివరం కావాలి. ఆ వివరం ఊరి నుంచే రావాలి. ఊళ్ళో మన మనిషి పార్టీ పనిలో లేకపోతే దాన్ని పైకి ఎవరు పంపుతారు?

2024లో ఇందిరమ్మ ఇళ్ళ కోసం ఊరూరా కమిటీలు వేశారు. అలాంటి కమిటీలు రేపూ వస్తాయి. అందులో కూర్చునేవారు ఆకాశం నుంచి దిగిరారు. ఊళ్ళో పనిలో కనిపించేవారికే ఆ పిలుపు వస్తుంది.

కాబట్టి మధిర, బోనకల్, చింతకాని, ముదిగొండ, ఎర్రుపాలెం మండలాల మన కుటుంబాలకు మూడు మనవులు. ఒకటి, ప్రతి పోలింగు కేంద్రానికి పార్టీ నియమించే బూత్ స్థాయి ఏజెంటు పనిని మన చదువుకున్న పిల్లలు అడిగి తీసుకోవాలి. జాబితాలో పేరు పోయిందని పోలింగు రోజున ఏడవడం కన్నా ముందే చూసుకోవడం మంచిది. రెండు, మన స్త్రీలను వెనక్కు పెట్టవద్దు. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో సగం స్థానాలు మహిళలవి. వార్డు సభ్యురాలిగా నిలబడటానికి మన చెల్లెలికి అడ్డు చెప్పేది చాలాసార్లు మనమే. మూడు, ఇఫ్తార్‌కు పిలిచిన నాయకుణ్ణి నిండు మనసుతో పలకరించండి, భోజనం అయ్యాక మర్యాదగానే అడగండి: "అయ్యా, మండల కమిటీలో మా వాళ్ళు ఎందరు?"

ఇక రాష్ట్ర శాఖ నాయకులకు ఒక్క మాట. 2023 ఫిబ్రవరిలో రాయపూర్ ప్లీనరీలో మీ పార్టీ తన వర్కింగ్ కమిటీలో సగం స్థానాలు దళితులు, గిరిజనులు, వెనుకబడినవారు, మైనారిటీలు, మహిళలు, యువకులకు కేటాయిస్తూ నియమావళి సవరించింది. ఢిల్లీలో న్యాయమైంది మధిరలో న్యాయం కాకుండా పోదు. మేము నిలబడలేని స్థానంలో మీ వారిని నిలబెట్టి ఓటు వేస్తున్నాము. అడుగుతున్నది టికెట్టు కాదు. నిర్ణయాలు జరిగే గదిలో ఒక కుర్చీ.