ఓడెక్కాలంటే ఏ పేరుతో ఎక్కాలి?

ఈ మధ్య పేపరు తిరగేస్తే ఓడల ప్రకటనలు కనబడుతున్నాయి. పది పన్నెండు అంతస్తుల ఓడ, పైన ఈతకొలను, లోపల సినిమా హాలు. సింగపూర్‌లో ఎక్కించుకుని పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లోనే దించుతారట. ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రెండు షరతులుంటాయి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. ప్రయాణం ముగిశాక పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. చాలామంది ఈ రెండూ చదవకుండానే పేజీ తిప్పేస్తారు. మేం మాత్రం అక్కడే ఆగిపోతాం. ఉన్నది ఉన్నట్టుగా అంటే ఏది ఉన్నట్టుగా? మా పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. అందులో ఏ పేరుతో ఓడెక్కాలి?

షేక్ అన్న పేరునే తీసుకోండి. ఉర్దూలో అది మూడక్షరాలు. షీన్, యే, ఖే. వందల ఏళ్ళుగా ఆ మూడే, మారలేదు. మహబూబ్ అంటే అయిదక్షరాలు, అవీ మారలేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి షేక్‌కు చివర కె ఒక్కటేనా, కె పక్కన హెచ్ కూడానా? మధ్యలో ఎ, ఐ రెండా, ఇ రెండుసార్లా? కొందరికి ఎస్, కె అని రెండక్షరాలే మిగిలాయి. మహమ్మద్ ఎండీ అయ్యాడు. ఆ ఎండీ పక్కన చుక్క ఉంటే ఒక మనిషి, లేకుంటే ఇంకో మనిషి. ఉర్దూలో 'జ'ను పోలిన ధ్వనికి నాలుగు అక్షరాలున్నాయి: జాల్, జే, జ్వాద్, జోయ్. తెలుగులో నాలుగింటికీ ఒకే జ. తెలుగులోంచి ఇంగ్లీషులోకి పోయేటప్పుడు ఆ జ కాస్తా జె అవుతుంది. గల్ఫుకు పోయే ఏజెంటు దగ్గర అది జెడ్ అవుతుంది. మా జాకీర్ ఇంట్లో ఒకడే, కాగితాల్లో ఇద్దరు.

ఈ పేర్లు ఎవరు రాశారు? మేం రాసుకోలేదు. బళ్ళో చేర్పించేటప్పుడు నాయిన పేరు చెబితే హెడ్‌మాస్టరు తనకు వినబడినట్టు రాశాడు. మైబూసాబ్ అని రాశాడు. రేషన్ కార్డులో మైబు. ఓటర్ల జాబితాలో మహబూబు. ఆధార్ తీసేటప్పుడు కంప్యూటరు ముందు కూచున్న కుర్రాడు ఇంగ్లీషులో టైపు చేస్తే తెలుగు దానంతటదే వచ్చింది. వచ్చిందే పేరు. మా ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. పెళ్ళికి ముందు బీ, పెళ్ళయ్యాక బేగం, పింఛను కాగితంలో బీబీ. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకో గడి ఉంది కాబట్టి ఆ గడిలో ఏదో ఒకటి పడెయ్యాలి. అలా మా అమ్మల్లో ఎందరికో 'బీ' ఇంటిపేరైంది. బీ వారి ఆడపడుచులన్నమాట!

బాసర నుంచి ఈ మాట రాస్తున్నాం. వసంత పంచమి నాడు ఇక్కడ గోదావరి ఒడ్డంతా పసిపిల్లలే. దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు బిడ్డల్ని తెచ్చి పలక మీద తొలి అక్షరం దిద్దిస్తారు. మాకూ అలాంటిదే ఉంది. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు బిడ్డకు బిస్మిల్లా చదివిస్తాం, మిఠాయి పంచుతాం. అక్షరమంటే రెండిళ్ళలోనూ పండుగే. ఆ పండుగ అయిన మర్నాడు మా బిడ్డ పేరు బడి రిజిస్టరులో తప్పుగా పడుతుంది. ఆ తప్పును బిడ్డ చచ్చేదాకా మోస్తాడు.

పేరు సరే, పుట్టిన ఊరు? పాస్‌పోర్టు అడిగే రెండో సంగతి అది. ఈ ఊళ్ళో 1950లో పుట్టిన ముసలాయన్ని తీసుకోండి. అప్పుడిది హైదరాబాద్ రాష్ట్రం, నాందేడ్ జిల్లా, ముధోల్ తాలూకా. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళను నాందేడ్ నుంచి తీసి ఆదిలాబాద్‌లో కలిపారు. ఆయన ఆంధ్రప్రదేశ్‌వాడయ్యాడు. 2014లో తెలంగాణవాడయ్యాడు. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు నిర్మల్‌వాడయ్యాడు. ఇల్లు కదల్లేదు, వాకిట్లో వేపచెట్టూ కదల్లేదు. మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు ఆయన మీదుగా నడిచిపోయాయి. నిజాం కాలం నుంచి వచ్చిన పాత దఫ్తర్లు ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్ళు ఆఫీసుల్లో రిటైరైపోయారు. చదివేవాడు లేడు గనక రికార్డే లేదంటారు. ఇదీ న్యాయం!

మాకు సముద్రం కొత్తేమీ కాదు. ఈ ఊరి స్టేషన్‌లో మీటర్ గేజ్ రైలెక్కి మన్మాడ్‌లో బండి మారి బొంబాయి చేరేవాళ్ళు మా ముందుతరం హాజీలు. క్రాఫర్డ్ మార్కెట్ పక్కన ముసాఫిర్‌ఖానాలో దిగేవాళ్ళు. మొగల్ లైన్ కంపెనీ ఓడల్లో జిద్దాకు పోయేవాళ్ళు. ఆ ఓడల డెక్కు మీద చాప పరుచుకుని, వెంట తెచ్చుకున్న రొట్టెలు తింటూ పోయిన మనుషులకు ఈతకొలనులేం తెలుసు? తెల్లవాళ్ళ కాలంలో ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో దించి, కలరా ఉందేమోనని రోజులకు రోజులు ఆపేవారు. అంటే అప్పుడూ అనుమానమే. కాకపోతే అది రోగం మీద. 1995 నుంచి హజ్‌కు ఓడలు ఆగిపోయాయి, విమానాలే. కాగితం సంగతి చూస్తే, హాజీలకు పిల్‌గ్రిం పాసని విడిగా ఒకటి ఇచ్చేవారు. 2009 నుంచి అదీ పోయింది, అందరికీ అంతర్జాతీయ పాస్‌పోర్టే కావాలి. అప్పటినుంచి డెబ్బై ఏళ్ళ మా నానమ్మలు పుట్టిన తేదీ వెతుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్ళకు తెలిసిందల్లా పోలీస్ యాక్షన్ నాటికి తాము పాలు తాగుతున్నామో, నడుస్తున్నామో, అంతే.

మాకు తెలిసిన ఒక దంపతుల సంగతి చెబుతాం. పేర్లు రాయం, వాళ్ళు వద్దన్నారు. ఆయన సర్కారీ బళ్ళో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదివి సింగపూర్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. అమ్మానాన్నల్ని ఓడ మీద తిప్పాలని వాడి ఆశ. టికెట్లు కొన్నాడు. ఓడ సింగపూర్ వదిలి మళ్ళీ అక్కడికే వస్తుంది గనక రెండుసార్లు లోపలికి రానిచ్చే వీసా కావాలి. వీసాకు కాగితాలు పెట్టబోతే గుట్టు బయటపడింది. ఆయన పాస్‌పోర్టులో పేరు ఒక రకం, ఆమె పాస్‌పోర్టులో భర్త పేరు ఇంకో రకం, కొడుకు పాస్‌పోర్టులో తండ్రి పేరు మూడో రకం. సరిదిద్దమని పోతే ఒక ఆఫీసులో కౌంటరు వెనక కూచున్నాయన అడిగాడు: మీరిద్దరూ భార్యాభర్తలని రుజువుందా? నలభై ఏళ్ళ కాపురం. నిఖానామా తీసి చూపించారు. ఇది ఉర్దూలో ఉంది, చెల్లదు, ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ చేయించుకు రండి అన్నాడు.

2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది. ఆఫీసు బోర్డుల మీద ఉర్దూ కనబడుతుంది, చాలాచోట్ల అదీ తప్పులతోనే. బోర్డు మీద చెల్లే భాష బల్ల మీద ఎందుకు చెల్లదు? ఎవరైనా జవాబు చెప్పండి.

ఆ పంతులు అఫిడవిట్ రాయించాడు. రెండు పత్రికల్లో ప్రకటన వేయించాడు. పత్రికల్లో పనిచేసేవాళ్ళం గనక ఆ చిన్న ప్రకటనలు రోజూ చూస్తుంటాం. 'ఇంతకు ముందు ఫలానాగా పిలవబడిన నేను ఇకమీదట ఫలానాగా పిలవబడతాను.' ఉర్దూ పత్రికలోనూ అవే, తెలుగు పత్రికలోనూ అవే. ఉర్దూలో వేసేటప్పుడు తమాషా ఏమంటే పాత పేరూ కొత్త పేరూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. తేడా ఇంగ్లీషులో మాత్రమే. ఇవన్నీ ముగిసేలోగా ఓడ వెళ్ళిపోయింది. టికెట్ డబ్బులు వాపసు రాలేదు.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు అడ్డొస్తారు. ఇది అందరి బాధే కదా, మా ఇంటిపేర్లూ పొడి అక్షరాలుగా ఉండి మేమూ తిప్పలు పడ్డాం, దీనికి మతం రంగెందుకు అంటారు. నిజమే, గల్ఫుకు పోయే కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల బీసీ, దళిత కూలీలు కూడా ఈ కిటికీల దగ్గరే నిలబడ్డారు. పదో తరగతి పాస్ కాలేదని పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ ముద్ర వేయించుకున్నారు. వాళ్ళ క్యూలోనే మేమూ ఉన్నాం. కానీ మిత్రులారా, మీ పేరులో అక్షరం తప్పితే అది గుమస్తా తప్పు. మా పేరులో అక్షరం తప్పితే అది మా మీద అనుమానం. పోలీసు విచారణకు వచ్చినప్పుడు మిమ్మల్ని అడిగే ప్రశ్నలూ మమ్మల్ని అడిగే ప్రశ్నలూ ఒకటేనా, ఒకసారి పక్కింటి సాయిబును అడిగి చూడండి. 2009లో షారుఖ్ ఖాన్‌ను అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో ఆపారు. 2011లో న్యూయార్క్‌లో విమానమెక్కి కూచున్న అబ్దుల్ కలాం కోటూ బూట్లూ పట్టుకుపోయి సోదా చేశారు. ఆ ఇద్దరి స్పెల్లింగుల్లో తప్పేమీ లేదు.

పైగా ఈ కాగితాలు ఇప్పుడు ఓడెక్కడానికి మాత్రమే అయితే ఓడ మానుకుంటాం, గోదావరిలో పుట్టి ఎక్కి తిరుగుతాం. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన జాతీయ పౌర పట్టికలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. తాత పేరులో ఒక అక్షరం తేడా వచ్చి ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఆరు మతాల పేర్లు రాసి, మా పేరు వదిలేసింది. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా సవరించినప్పుడు అడిగిన పదకొండు పత్రాల్లో ఆధార్ లేదు. సుప్రీంకోర్టు చెప్పాకే సెప్టెంబరులో దాన్ని పన్నెండోదిగా చేర్చారు. ఆ జాబితాలో పాస్‌పోర్టు ఉంది. విహారానికి కావలసిన కాగితం ఓటుకు కావలసిన కాగితమైంది. అందుకే మా ఇళ్ళలో ఇనప్పెట్టెలో బంగారం ఉండాల్సిన చోట పాలిథిన్ కవర్లో చుట్టిన కాగితాలున్నాయి.

మా పెద్దలనూ అడగాల్సింది ఉంది. 2020 మార్చిలో శాసనసభ పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేస్తే దావత్‌లిచ్చుకున్నారు. తీర్మానం మంచిదే. ఆ ఊపులోనే మండలాఫీసుల్లో పేర్లు సరిదిద్దే శిబిరాలు పెట్టమని ఎందుకు అడగలేదు? నగరంలో జాగీర్ల నాటి సనదులు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న ఖాందాన్‌లకు ఈ బెంగ తెలియదు. దూది ఏకినవాళ్ళకు, గాజులమ్మినవాళ్ళకు, మాంసం కొట్టినవాళ్ళకు సనదెవరిచ్చారు? జలసాల్లో షాయరీ చదివి లేచిపోయే నాయకులు ఒక్క జనన ధ్రువపత్రం ఇప్పించిన పాపాన పోలేదు.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువని 2025లో నియమం తెచ్చారు. అంటే ఆసుపత్రిలో, పంచాయతీలో మొదటిసారి ఎలా రాస్తే బిడ్డ అలాగే మిగిలిపోతాడు. ఈ పని ఇప్పుడే పట్టుకోవాలి. ఉర్దూ నిఖానామాను, పాత ఉర్దూ దఫ్తర్లను సర్కారే తన ఖర్చుతో చదివించుకోవాలి. ఒకే మనిషి పేరుకు వచ్చిన నాలుగు స్పెల్లింగులు ఒకరివేనని తహసీల్దారు ఒక్క సంతకంతో తేల్చాలి, రుసుము లేకుండా. మా వంతు మేం మొదలుపెడుతున్నాం. ఈ జూన్‌లో బడులు తెరిచేనాటికి ఇక్కడి మా వాడలో బడికి పోయే ప్రతి బిడ్డ పేరూ, తల్లి పేరూ, తండ్రి పేరూ ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకే కాగితం మీద రాసి ఇస్తాం. రిజిస్టరు తెరిచినప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకుని రాయమని హెడ్‌మాస్టర్లను అడుగుతాం.